పేరయ్య పెట్టిన మూత

కనిగిరి అవతల రాళ్లవాగు అనే మెట్ట ఊళ్లో పేరయ్య అనే వ్యాను డ్రైవరు ఉండేవాడు. పనిలో చెయ్యి తిరిగినవాడే గానీ, ఒక్క చోట ఒక్క నిమిషం నిలవడం మాత్రం అతనికి చేతకాదు.

అన్నం నిలబడే తినేవాడు. టీ ఊదుకోకుండా తాగి రోజూ నాలుక కాల్చుకునేవాడు. పెళ్లికి వెళ్తే తలంబ్రాలు పడకముందే చెప్పులు వెతుక్కునేవాడు. ఒక ఏడు పెరట్లో చిక్కుడు గింజలు నాటి, మొలకెత్తాయో లేదో చూద్దామని రోజూ తవ్వి చూశాడు. ఆ ఏడు వాళ్లింట్లో చిక్కుడుకాయ కూర లేదు. ఎవరైనా "నిదానమే ప్రధానం" అని మొదలుపెడితే, రెండో మాట వినపడే లోపల పేరయ్య వీధి మలుపు తిరిగి ఉండేవాడు.

అతని వ్యాను పాతికేళ్ల నాటిది. వెనక బాడీకి పైకప్పు లేదు. నడుస్తుంటే తలుపులు, గొలుసులు, సగం ఊడిన రేకులు అన్నీ కలిసి ఘల్లుఘల్లుమనేవి. అందుకని ఊళ్లో అందరూ దాన్ని గజ్జెల వ్యాను అనేవారు. రెండేళ్లుగా దాని రేడియేటర్ కారుతోంది. బాగు చేయించాలంటే బండిని షెడ్డులో వదిలి రావాలి. వదిలి రావడం అంటే పేరయ్యకు ఒళ్లు మంట. అందుకని డ్రైవర్ల పాత చిట్కా ఒకటి పట్టుకున్నాడు. కారినప్పుడల్లా రేడియేటర్లో గుప్పెడు పసుపు పోసేవాడు. పసుపు నీళ్లతో పాటు తిరిగి తిరిగి చిల్లు దగ్గర పేరుకునేది, కారడం ఆగేది. మళ్లీ కారితే మళ్లీ గుప్పెడు. వంటింట్లో పసుపు నిండుకున్నా వ్యాను సీటు కింద పొట్లం మాత్రం ఎప్పుడూ ఉండేది.

ఆ ఏడు హస్త కార్తెలో కొండల మీద గట్టి వాన పడింది. వాగు పొంగి వచ్చి రాళ్లవాగు చెరువు నిండింది. ఏడేళ్ల తరవాత నిండింది. ఆ చెరువులో చేపలు పట్టి బతికే కుటుంబాలు ఊళ్లో నలభై ఉన్నాయి. ఈ ఏడేళ్లూ వాళ్లు ఇటుక బట్టీలకూ రాళ్ల పనికీ పోయి కాలం వెళ్లదీశారు. వలలు ఇంటి దూలాలకు వేలాడుతూ ఎలుకల పాలయ్యాయి. ఆ నలభై కుటుంబాల సంఘానికి పెద్ద కోటమ్మ. ఆమె పేరయ్యకు అక్క. తల్లి పోయాక అతన్ని ఎత్తుకుని పెంచింది కూడా ఆమే.

చెరువు నిండిన వారానికి కోటమ్మ తమ్ముడి ఇంటికి వచ్చింది.

"ఒరే పేరయ్యా, బాపట్ల కాడ సీడు ఫారంలో చేపపిల్లలు ఉండాయంట. ఈ ఏటికి అదే ఆఖరి విడత. ఎల్లుండి తెల్లారేసరికి మనం ఆడ ఉంటే మనకి, లేకపోతే ఇంకొకరికి. ఇప్పుడు పిల్లల్ని వదిలితేనే ఎండాకాలానికి చేపలయ్యేది. తరవాత చెరువులో నీళ్లు ఉండవు."

"ఇంకేం, పోదాం పద," అన్నాడు పేరయ్య, అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టి.

"నీ బండి వచ్చుద్దా? ఏరే బండ్లోళ్లు నీళ్లు మొయ్యం అంటన్నారు. బాడీ తుప్పు పట్టుద్దంట. దారిలో బండి ఆగిందంటే పిల్లలు బతకవురా. బండి కదులుతుంటేనే నీళ్లు కదిలేది. నీళ్లు కదులుతుంటేనే వాటికి ఊపిరి."

పేరయ్య తల గోక్కున్నాడు. ఎందుకంటే ఆ పొద్దున్నే వ్యాను ఊరి బయట బుస్సుమని ఆవిరి కక్కి నిలబడిపోయింది. ఈసారి రెండు గుప్పెళ్ల పసుపు పోసినా లాభం లేకపోయింది. కనిగిరిలో అడిగితే నాలుగు రోజులు వదిలి వెళ్లమన్నారు.

"నాలుగు రోజులా? నేనే చేసుకుంటా," అన్నాడు పేరయ్య.

అన్నట్టే మర్నాడు పొద్దున్నే కొత్త సామాన్లు తెచ్చాడు. రబ్బరు హోస్ పైపులు రెండు, వాటర్ పంపు, ఫ్యాన్ బెల్టు, థర్మోస్టాట్ వాల్వు, రేడియేటర్ మూత. తెచ్చి నేరుగా మీరావలి ఇంటి ముందు బండి పెట్టాడు. నలభై ఏళ్లు లారీ ఇంజన్లు విప్పిన మనిషి మీరావలి. ఇప్పుడు రెండు కళ్లకూ పొర కమ్మి చూపు ఆనదు. ఇంజను మాత్రం చెవితో వినే చెప్పేవాడు. ఆయన వేపచెట్టు నీడలో స్టూలు వేసుకుని కూర్చుని, పేరయ్య చేత పని చేయించడం మొదలుపెట్టాడు.

పేరయ్య రేడియేటర్ ఊడదీసి, తలకిందులుగా పెట్టి, పైపుతో నీళ్లు కొట్టాడు. చిక్కటి పసుపు బురద ముద్దలు ముద్దలుగా బయటపడింది. మీరావలి ఆ బురదను వేళ్లతో నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏందిరా ఇది? రేడియేటరుకి నలుగు పెట్టినావా?"

"కారతంటే పోశా మామా."

"చిల్లు మూసుకుందో లేదో గానీ, నీళ్లు పోయే దారులన్నీ మూసుకున్నాయి. ఆ పొట్లం పారెయ్. బండ్లో ఉండనియ్యబాక."

పేరయ్య సరేనన్నాడు. పొట్లం మాత్రం సీటు కిందే ఉంది.

పని చకచకా సాగింది. నిజం చెప్పాలంటే పేరయ్య చేతులకు వంక పెట్టడానికి లేదు. రేడియేటర్ చిల్లుకు టంకం పెట్టి మూశాడు. పాత పంపు విప్పి, అంటుకుపోయిన ప్యాకింగు గీకి, కొత్తది బిగించాడు. హోసులు తొడిగి క్లిప్పులు తిప్పాడు. చిక్కంతా థర్మోస్టాట్ దగ్గర వచ్చింది. అది ఇంజను నీళ్లకు చిన్న తలుపులాంటిది. ఇంజను వేడెక్కేదాకా మూసుకుని ఉంటుంది. వేడెక్కాక తెరుచుకుని నీళ్లను రేడియేటర్లోకి వదులుతుంది. దాన్ని దారానికి కట్టి, గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టి, తెరుచుకుంటుందో లేదో చూడమన్నాడు మీరావలి. పేరయ్య గిన్నె మీదికి వంగాడు, లేచాడు, చెట్టు చుట్టూ తిరిగాడు, మళ్లీ వంగాడు.

"కొత్తదే గదా మామా. తెరుచుకోక ఏం జేస్తది?"

"నువ్వు చూస్తన్నావని నీళ్లు బిరీన కాగవురా. అట్టని చూడటం మానితే తెలవదు."

చివరికి నీళ్లు కాగాయి. వాల్వు మెల్లగా నోరు తెరిచింది. పేరయ్య దాన్ని లాక్కుని పరుగున వెళ్లి బిగించాడు. రేడియేటర్లో మెడదాకా నీళ్లు, కూలెంటు కలిపి పోశాడు. అప్పటికి పొద్దు వాలుతోంది. మసీదు నుంచి పిలుపు వినిపించింది. మీరావలి కర్ర తీసుకుని లేచాడు.

"ఇంటన్నావా పేరయ్యా. ఇప్పుడు నీకు నిండినట్టు కనపడుద్ది. నిండలా. లోపల గాలి ఇరుక్కుని ఉంటది. మూత తీసే ఉంచి ఇంజను ఆడించు. పై హోసు చెయ్యి పెట్టలేనంత వేడెక్కాల. అప్పుడు వాల్వు తెరుచుకుని, గాలి బుడగలుగా పైకొచ్చి, నీళ్లు దిగతాయి. దిగినంత పొయ్యి. బుడగలు ఆగేదాకా అట్టనే. నేను నమాజు చేసుకుని వస్తా. అందాకా మూత పెట్టబాక. రేపు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మళ్లీ తీసి చూడు."

"అట్టనే మామా."

మీరావలి వెళ్లాడు. పేరయ్య ఇంజను ఆడించాడు. ఒకటికి నాలుగుసార్లు హోసు పట్టుకుని చూశాడు. గోరువెచ్చగా ఉంది. స్టూలు మీద కూర్చున్నాడు. లేచాడు. రేడియేటర్లోకి తొంగి చూశాడు. నీళ్లు మెడదాకా నిలకడగా ఉన్నాయి. బుడగా లేదు, గిడగా లేదు. వీధి చివర కోటమ్మ టార్పాలినూ చెంబులూ పట్టుకుని వస్తూ కనిపించింది. ఇక ఆగలేకపోయాడు. మూత తీసుకుని టపీమని బిగించాడు.

"అయిపోయిందా?" అని అడిగింది కోటమ్మ.

"అయిపోయింది, ఎక్కు."

"మీరావలి మామ చూశాడా?"

"ఆయనకి కళ్లే ఆనవు, చూసేదేంది?" అని నవ్వి గేరు వేశాడు పేరయ్య.

మీరావలి తిరిగి వచ్చేసరికి చెట్టు కింద స్టూలు, తడిసిన నేల మిగిలాయి. ఆయన చాలాసేపు ఆ గజ్జెల చప్పుడు వెళ్లిన వైపు చెవి పెట్టి నిలబడ్డాడు.

రాళ్లవాగు నుంచి బాపట్లకు దారి పల్లం. వ్యాను ఖాళీ. పైగా సాయంత్రపు చల్లగాలి. బండి హాయిగా దిగిపోయింది. ఇంజనులో ఎక్కడో గుడగుడమని ఒక చప్పుడు వినిపించింది గానీ, అన్ని గజ్జెల మధ్య అదొక లెక్కా అనుకున్నాడు పేరయ్య. ఆ రాత్రి ఇద్దరూ ఫారంలోనే పడుకున్నారు.

తెల్లవారకముందే ఫారం మనుషులు పని మొదలుపెట్టారు. వ్యాను వెనక టార్పాలిన్ పరిచి, దాన్ని తొట్టిలా కట్టి, నీళ్లు నింపారు. దారిలో నీళ్లు పాడు చేయకుండా ముందురోజంతా పస్తు ఉంచిన పిల్లల్ని గుడ్డ వలలతో తెచ్చి మెల్లగా అందులోకి వదిలారు. బొచ్చెలు, శీలావతులు, మోసులు, మూడు రకాల చేపల పిల్లలు. వేలెడు కూడా లేవు. వెండి పొట్టు చల్లినట్టు నీళ్లన్నీ మెరిశాయి. కోటమ్మ వాటిని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడేళ్లుగా ఆమె అంత దగ్గరగా చేపపిల్లను చూడలేదు.

పేరయ్యకు ఆ వేళ మీరావలి మాట గుర్తుకు రాకపోలేదు. బానెట్ మీద చెయ్యి కూడా వేశాడు. అంతలో ఆఖరి వల ఖాళీ అయింది. "పోవచ్చు," అన్నారు ఫారం వాళ్లు. ఆ ఒక్క మాట చాలు. చెయ్యి బానెట్ వదిలి స్టీరింగ్ పట్టుకుంది.

కోటమ్మ వెనక తొట్టి అంచున పలక మీద కూర్చుంది. చెంబుతో నీళ్లు ముంచి, పైకెత్తి, మళ్లీ తొట్టిలోకే పోస్తూ ఉంది. అలా పోస్తుంటే నీళ్లలోకి గాలి చేరుతుంది. బండి కుదుపు కొంత, ఆమె చెయ్యి కొంత. ఒంగోలు దాటినా, పొదిలి వచ్చినా ఆ చెయ్యి ఆగలేదు. తొందరా లేదు, ఆలస్యమూ లేదు.

పొదిలి దాటాక దారి ఎక్కుడు మొదలైంది. వ్యాను వెనక టన్ను నీళ్లు. పైన ఎండ చురుక్కుమంటోంది. కొండల్లో కురిసిన వాన ఈ మెట్టలో దుమ్ము కూడా అణచలేదు. ఎటు చూసినా ఎర్రమట్టి, కంపచెట్లు. మీటరులో హీటు ముల్లు మెల్లగా లేచింది. పేరయ్య వేలితో అద్దం మీద కొట్టాడు. ముల్లు దిగలేదు. ఇంకో మైలు పోయేసరికి ఎర్రగీత తాకింది. కళ్లు మూసి తెరిచేలోగా బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి లేచింది.

బండి రోడ్డు పక్కకు ఆగింది. గజ్జెలు ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం పేరయ్యకు ఎప్పుడూ అలవాటు లేదు.

"ఏమైంది?" అని వెనక నుంచి అడిగింది కోటమ్మ. చెయ్యి మాత్రం ఆపలేదు.

"ఏంలేదక్కా, చిటికెలో పోదాం."

పేరయ్య బానెట్ ఎత్తి, తువ్వాలు చేతికి చుట్టుకుని, రేడియేటర్ మూత తిప్పాడు. కాగిన రేడియేటర్ మూత తీయకూడదని చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. పేరయ్యకు ఇంకా బాగా తెలుసు. తెలిసీ తిప్పాడు. మూత ఎగిరి ఎక్కడో కంపలో పడింది. సలసల కాగే నీళ్లు నిలువునా చిమ్మాయి. కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. ఉన్న నీళ్లన్నీ ఎర్రమట్టిలో ఇంకిపోయాయి.

కోటమ్మ దిగి వచ్చి, తాగడానికి తెచ్చుకున్న నీళ్లన్నీ ఆ చేతి మీద పోసింది. తడి గుడ్డ చుట్టింది.  మళ్లీ పరుగెత్తి తొట్టి ఎక్కి చెంబు అందుకుంది. ఆ కాసేపట్లోనే తొట్టిలో నాలుగైదు పిల్లలు పొట్టలు పైకి తేలాయి.

పేరయ్య వాటిని చూశాడు.  బకెట్టు తీసుకుని తొట్టిలో ముంచాడు.

"ఏందిరా అది?"

"ఇంజను మీద పోస్తా. బిరీన చల్లబడుద్ది."

"బడుద్దా?"

పేరయ్య బకెట్టుతో అలాగే నిలబడిపోయాడు. కాగిన ఇంజనులో చన్నీళ్లు పడితే ఇనుము పగులుతుంది. పగిలితే బండి ఇవాళ కాదు, ఇక ఎప్పటికీ కదలదు. అది తనకు మీరావలి చెప్పాల్సిన పని కూడా లేదు. బకెట్టు మళ్లీ తొట్టిలోకే వంచేశాడు.

"ఎంతసేపు ఆగాల?" అని అడిగింది కోటమ్మ.

"గంటన్నా పట్టుద్ది."

కోటమ్మ చెంబు పట్టిన చెయ్యి మార్చుకుంది. "అయితే గంట ఆగు," అంది.

ఆగడం. పేరయ్యకు కాలిన చెయ్యి కంటే ఆ మాటే ఎక్కువ మండింది. రోడ్డు మీదికి వెళ్లాడు, వచ్చాడు. ఇంజను తాకి చూశాడు, చెయ్యి లాక్కున్నాడు. కంపలో వెతికి మూత తెచ్చాడు. దానికి అంటిన మట్టి తుడిచాడు. తుడిచిందే తుడిచాడు. అంతలో దూరంగా దుమ్ము లేచింది. కనిగిరి బస్సు. పేరయ్య రోడ్డుకు అడ్డంగా పరిగెత్తి చెయ్యి ఊపాడు. బస్సు ఆగింది.

"కనిగిరి పోతే మెకానిక్కుని తేవచ్చక్కా! నేను పోయొస్తా," అని అరిచాడు పేరయ్య.

"ఎక్కుతావా, ఎక్కవా? టైమయిపోతంది," అన్నాడు కండక్టరు.

పేరయ్య ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. ఎంత హాయిగా అనిపించిందో. కదిలే బండి, కదిలే కిటికీలు, ఏదో ఒకటి చేస్తున్నానన్న ధైర్యం. వెనక్కి తిరిగి చూశాడు. తొట్టి మీద అక్క ఒక్కతే ఉంది. బండి కుదుపు లేదు కనుక ఆ నీళ్లన్నిటినీ ఇప్పుడు ఆమె రెండు చేతులే కదపాలి. ఆమె పిలవడం లేదు. అతనివైపు చూడడం కూడా లేదు. ఒక మూల పోసి, వెంటనే ఇంకో మూలకు వంగుతోంది. భుజం వణుకుతోంది. తాను బస్సెక్కి వెళ్లి మనిషిని వెతికి తెచ్చేసరికి మూడు గంటలు. ఆ మూడు గంటలు ఆ భుజం ఓర్చుకోలేదు. పిల్లలు బతకవు.

ఏమీ చేయలేని చోటు నుంచి పారిపోవడానికి తాను బస్సెక్కుతున్నాడని పేరయ్యకు అప్పుడు తెలిసింది. చాలా సిగ్గేసింది.

"పో అన్నా, నువ్వు పో," అని కాలు దించాడు. "నీళ్లు ఉంటే ఇచ్చిపో."

బస్సు డ్రైవరు తన నీళ్ల సీసా అందించాడు. బస్సు వెళ్లిపోయింది. పేరయ్య ఆ నీళ్లు అక్క చేత తాగించి, తొట్టికి అవతలి అంచున కూర్చుని, ఎడమ చేత్తో చెంబు అందుకున్నాడు.

ముంచాడు, ఎత్తాడు, పోశాడు. మొదట్లో గబగబా పోశాడు.

"అంత ఇసురుగా వద్దురా. పిల్లలు బెదిరి అలిసిపోతాయి. నా చెయ్యి చూసి పొయ్యి," అంది కోటమ్మ.

అతను ఆమె చెయ్యి చూసి పోశాడు. ముంచి, ఎత్తి, పోయడం. పిల్లలు నోళ్లు పైకెత్తి గుటకలు వేస్తున్నాయి. కొన్ని ఉన్నట్టుండి పక్కకు ఒరిగిపోతున్నాయి. చచ్చినవాటిని కోటమ్మ ఎప్పటికప్పుడు ఏరి రోడ్డు పక్కన వేస్తోంది. లేకపోతే నీళ్లు పాడవుతాయి. ప్రతి పిల్లా తాను పెట్టిన మూత కిందే చచ్చినట్టు అనిపించింది పేరయ్యకు. లేచి పరిగెత్తాలనిపించింది. కూర్చున్నాడు. జన్మలో మొదటిసారి గంటసేపు ఒకే చోట కూర్చున్నాడు.

ఇంజను చల్లబడింది. ఇద్దరూ తొట్టి అంచున బకెట్టు పెట్టి, ఒక్క పిల్ల కూడా పోకుండా తువ్వాలు అడ్డం పట్టి నీళ్లు వడకట్టుకున్నారు. చేపల నీళ్లలోంచే రెండు బకెట్లు. పేరయ్య రేడియేటర్ మెడదాకా పోశాడు. ఇంజను ఆడించాడు. మూత జేబులో వేసుకున్నాడు.

"పోదామా?" అంది కోటమ్మ. మొదటిసారి ఆమె గొంతులో ఆత్రం వినిపించింది.

"ఇంకా నిండలేదక్కా," అన్నాడు పేరయ్య.

"నిండింది గదరా. పైదాకా కనపడతంటే."

"కనపడుద్ది. నిండలా."

పై హోసు మీద ఎడమ చెయ్యి వేసి నిలబడ్డాడు. గోరువెచ్చగా ఉంది. తొట్టిలో ఇంకో పిల్ల తేలింది. ఇంకోటి. పళ్లు బిగబట్టాడు. హోసు వెచ్చబడింది. తరవాత కాలింది. అప్పుడు రేడియేటర్ లోపల గుడగుడమంది. ఒక బుడగ వచ్చింది. వెనకే పెద్దపెద్ద బుడగలు వరసపెట్టి వచ్చాయి. నీళ్లు చూస్తుండగానే జానెడు లోతుకు దిగిపోయాయి. నిన్న సాయంత్రం తాను నిండిందనుకున్నది ఇదే. పోశాడు. మళ్లీ బుడగలు. మళ్లీ పోశాడు. బుడగలు పూర్తిగా ఆగాక, నీళ్లు అంగుళం కూడా కదలనప్పుడు, జేబులోంచి మూత తీసి మెల్లగా తిప్పాడు. గజ్జెల వ్యాను కదిలింది. హీటు ముల్లు మధ్యలో నిలబడి ఇక లేవలేదు.

చెరువు గట్టు మీద నలభై కుటుంబాలు ఎదురుచూస్తున్నాయి. వ్యాను ఆగగానే అందరూ తొట్టి చుట్టూ మూగారు.  పిల్లల్లో సగమే మిగిలాయి. ఆ సగం కూడా నీరసంగా ఆడుతున్నాయి.

"వదలండి, వదలండి, బిరీన చెరువులో పొయ్యండి," అని ఎవరో తొట్టి ముడి విప్పబోయారు.

"ముట్టుకోబాకండి," అన్నాడు పేరయ్య. "ఈ నీళ్లు వేరు, ఆ నీళ్లు వేరు. ఒక్కసారిగా పోస్తే ఉన్నవి కూడా చస్తాయి. చెరువు నీళ్లు బిందెలతో తెచ్చి కొంచెం కొంచెం కలపాల. అరగంట పట్టుద్ది."

అందరూ అతన్ని వింతగా చూశారు. ఆ మాట కోటమ్మ అంటే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. ఫారం వాళ్లు ఆ పొద్దున కోటమ్మకు చెబుతుంటే, పేరయ్య స్టీరింగ్ మీద వేళ్లతో దరువు వేస్తూ సగం చెవితో విన్నాడు. ఆ సగం ఇప్పుడు పనికొచ్చింది. ఆడవాళ్లు బిందెలు ఎత్తారు. అరగంటసేపు ఎవరూ తొందరపడలేదు. నీళ్లకు నీళ్లు కలిశాక ముడి విప్పారు. పిల్లలు ఒక్కొక్కటే తలతిప్పి, వెండిగీతల్లా చెరువులోకి జారిపోయాయి.

కొత్త పిల్లల్ని వదిలినప్పుడు చెరువుకు పసుపు కుంకుమ ఇవ్వడం వాళ్ల ఆనవాయితీ. ఆ హడావుడిలో పసుపు తేవడం అందరూ మరిచారు. పేరయ్య వ్యానెక్కి, సీటు కింద పొట్లం తీసి అక్క చేతిలో పెట్టాడు. కోటమ్మ దాన్ని చూసింది, తమ్ముడి కట్టుకట్టిన చెయ్యి చూసింది.

"సగం నువ్వే చంపావురా," అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "మిగిలిన సగం నువ్వు కూర్చోబట్టి బతికాయి. రెండూ మరవబాక."

పేరయ్య ఆ సాయంత్రం మీరావలి ఇంటికి నడిచి వెళ్లాడు. జరిగిందంతా చెప్పాడు, కళ్ల గురించి అన్న మాటతో సహా. మీరావలి స్టూలు పక్కకు జరిపి, ఇంకో స్టూలు తెమ్మని ఇంట్లోకి కేకేశాడు.

ఎండాకాలం వచ్చింది. ఎలుకలు కొరికిన చోట్ల అల్లుకున్న వలలు దూలాల మీంచి దిగాయి. నలభై ఇళ్లలో చేపలపులుసు ఉడికింది గానీ, ప్రతి ఇంటికీ రావలసినదాంట్లో సగమే వచ్చింది. ఆ లోటు ఎవరి వల్ల వచ్చిందో అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పేరయ్యకు మాత్రం ప్రతి ముద్దకూ గుర్తొచ్చింది. ఆ పులుసన్నం అతను కూర్చునే తిన్నాడు.

అందుకే పిల్లలూ, నిండినట్టు కనపడగానే ఏ పనికీ మూత పెట్టకండి. పని అడిగినంత ఓపిక ముందే ఇవ్వనివాడికి, దాన్ని నడిరోడ్డు మీద ఇవ్వక తప్పదు, అప్పటికి జరిగే నష్టం మాత్రం అతనొక్కడిదే కాదు.